నడుము నొప్పిగా ఉందని చెప్పిన బుద్ధుడు

  

ఈ కరపత్రంలో పెద్ద పెద్ద సంగతులు చెప్పబోవడం లేదు. పొద్దున పదింటికి టీ తాగుతూ మనం మాట్లాడుకునే మాటల గురించే చెబుతాను. శీలం అనేది పౌర్ణమి నాడు విహారంలో తెల్లబట్టలు కట్టుకున్నప్పుడే పరీక్షకు నిలబడదు. పనిచోట చెట్టు కింద నలుగురం కూర్చుని, అక్కడ లేని అయిదో మనిషి గురించి మాట్లాడేటప్పుడే దానికి అసలు పరీక్ష.

మాది హనుమాన్ జంక్షన్. విజయవాడ నుంచి ఏలూరు పోయే జాతీయ రహదారిని, నూజివీడు నుంచి గుడివాడ పోయే రోడ్డు దాటే చోటు. ఒక పక్క మామిడి తోటలు, ఒక పక్క వరి చేలు. నేను తోటపని చేస్తాను. ఒక సంస్థ ఆవరణలో మేము తొమ్మిది మందిమి ఉండేవాళ్ళం, కాంట్రాక్టరు కింద. అందులో ఎక్కువమంది మనవాళ్ళే. ఆ సంస్థ పేరు, కాంట్రాక్టరు పేరు ఇక్కడ అవసరం లేదు. ఇప్పుడు చెప్పబోయే తప్పు వాళ్ళది మాత్రమే కాదు, నాది కూడా.

టీ దగ్గర మాటలు

నవంబరు నెలాఖరు. కానుగ చెట్టు కింద పారలు, బొరిగలు పక్కన పెట్టి కూర్చున్నాం. మాటలు ఎప్పటిలాగే మొక్కల మీద మొదలయ్యాయి.

"బాబాయ్, గేటు దగ్గర మందారాలకి మళ్ళా తెల్లగా పట్టేసింది."

"పిండినల్లిరా అది. పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి కడుగు. తర్వాత వేపనూనెలో కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టు. ముందు మొదట్లో చీమలు ఎక్కుతున్నాయేమో చూడు. చీమలున్నంతకాలం నల్లి పోదు."

"మల్లెలు కత్తిరించేద్దామా?"

"కాస్త ఆగు. నీళ్ళు మానేసి వాడనిచ్చి, ఆకు దూసి అప్పుడు కత్తిరిద్దాం. ఎండాకాలం పువ్వు బాగా వస్తుంది."

ఆ తర్వాత ఎండుటాకుల కుప్పలో కనిపించిన పాము గురించి, గడ్డి కోసే మిషను నుంచి రాయి ఎగిరి కుర్రాడి కంటి పక్కన తగిలిన సంగతి గురించి, నవ్వులు, కంగారు, మళ్ళీ నవ్వులు. ఇంతలో ఎవరో అన్నారు: "అక్క ఇవ్వాళ కూడా రాలేదే?"

మాలో ఒక అక్క ఉంది. యాభై దాటిన మనిషి. నాలుగు రోజుల ముందు కాగితం పూల కంచె కత్తిరిస్తుంటే ముల్లు వేలికి దిగింది. కుడిచేతి చూపుడు వేలు. గుడ్డపీలిక చుట్టుకుని పని చేసింది. మూడోరోజు సగం పూటకే వెళ్ళిపోయింది. నాలుగో రోజు రాలేదు.

"ముల్లు గుచ్చుకుంటే రెండ్రోజులు నాగానా? మనకి రోజూ గుచ్చుకుంటూనే ఉంటాయి."

"ఒంట్లో బాగాలేదని ఫోన్ చేయించిందంట సూపర్‌వైజర్‌కి."

అప్పుడు నేను అన్నాను: "నూజివీడులో వాళ్ళ చుట్టాల పెళ్ళి ఉందిగా. ముల్లు పెళ్ళికి ముందే గుచ్చుకుంది పాపం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట సూపర్‌వైజర్ చెవిన పడింది. ఆయన అక్క ఇంటికి ఫోన్ చేసి, రేపు రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామన్నాడు. అక్క మర్నాడు వచ్చింది. జ్వరంతో వచ్చింది. వేలు వంకాయలా ఉబ్బి ఉంది. చేతిని పైటకొంగులో దాచుకుని, ఎడమచేత్తో మొక్కలకి నీళ్ళు పెట్టింది. మధ్యాహ్నం పైపు పట్టుకునే కూలబడిపోయింది.

అక్కకి షుగరు ఉంది. మాకెవరికీ తెలియదు. చెబితే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి చీము ఎముక దాకా పోయింది. ప్రాణం దక్కింది. వేలు తీసేశారు.

ఆవిడ పెళ్ళికి వెళ్ళనే లేదు. ఆ రెండు రోజులూ మంచం మీదే ఉంది.

బంధువులారా, నేను ఆ వేలు కోయలేదు. కానీ ఆ రోజు నా నోటి నుంచి ఆ మాట రాకపోతే అక్క ఆ మర్నాడు పనికి వచ్చేది కాదేమో, ఆస్పత్రికి వెళ్ళేదేమో. పంచశీల రోజూ చెప్పుకునేవాణ్ణి. అబద్ధం ఆడనని రోజూ అనేవాణ్ణి. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పి నవ్వించడం అబద్ధమేనని ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

మొక్కని అడిగేది మనిషిని అడగమా?

ఒక్కసారి ఆలోచించండి. తోటలో గులాబీ ఆకు పసుపు రంగుకి తిరిగితే మనం ఏం చేస్తాం? దాన్ని తిట్టం. వంగి చూస్తాం. పాదులో నీరు నిలిచిందా, ఎరువు ఎక్కువైందా, ఆకు కింద నల్లి పట్టిందా, వేరుకి చెద తగిలిందా అని వెతుకుతాం. "ఇది ఎండ తప్పించుకోవడానికి వాడినట్టు నటిస్తోంది" అని ఏ తోటమాలీ అనడు. ప్రతి వాడిపోవడానికీ ఒక కారణం ఉంటుందని మనకి తెలుసు. కారణాన్ని వెతకడమే మన పనితనం.

భగవానుడు చెప్పింది కూడా ఇదే కదా! ఏదీ కారణం లేకుండా పుట్టదు. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, ఆ కారణాన్ని తొలగించవచ్చు, తొలగించే దారి ఉంది. మొక్క విషయంలో ఈ నాలుగు మాటల్నీ చేతల్లో పెట్టే మనం, పక్కన పని చేసే మనిషి దగ్గరకి వచ్చేసరికి మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాం. అసలు దుఃఖం ఉందనే ఒప్పుకోవడం లేదు.

ఇంకొందరు ఇంకోలా తప్పిస్తారు. "దాని కర్మ" అంటారు. పోయిన జన్మలో ఏం చేసుకుందోనంటారు. సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి ఇదే అడిగాడని సంయుత్త నికాయంలో ఉంది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసుకున్న దాని ఫలితమేనా అని. భగవానుడు కాదన్నాడు. పైత్యం వల్ల, కఫం వల్ల, వాతం వల్ల, రుతువులు మారడం వల్ల, శరీరాన్ని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల, దెబ్బ తగలడం వల్ల కూడా బాధలు వస్తాయని, ఇవి లోకానికి కళ్ళ ముందు తెలిసిన సంగతులేనని వివరించాడు. అన్నీ పాత కర్మే అనేవాళ్ళు కళ్ళ ముందు ఉన్నదాన్ని దాటిపోతున్నారని చెప్పాడు. అక్క వేలికి కారణం పూర్వజన్మ కాదు. చేతికి తొడుగు లేకపోవడం, టీటీ ఇంజెక్షన్ వేయించకపోవడం, షుగరు, జీతం పోతుందనే భయం, మా నవ్వు. ఇందులో ప్రతి ఒక్కటీ తొలగించగలిగిందే.

నడుము నొప్పి దాచుకోని గురువు

ఇక మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతి. మజ్ఝిమ నికాయంలో సేఖ సుత్తం ఉంది. కపిలవస్తులో శాక్యులు కొత్తగా సభామందిరం కట్టుకున్నారు. బుద్ధుడు వచ్చి ముందుగా అడుగుపెట్టాలని పిలిచారు. ఆయన వచ్చాడు. రాత్రి చాలాసేపు వాళ్ళకి ధమ్మం బోధించాడు. తర్వాత ఆనందుణ్ణి పిలిచి, తనకి నడుము నొప్పిగా ఉందని, కాసేపు పడుకుంటానని, మిగతా బోధ నువ్వు చెయ్యమని అప్పగించాడు. సంఘాటిని నాలుగు మడతలు వేసి పరుచుకుని, కుడిపక్కకి తిరిగి పడుకున్నాడు. ఆనందుడు బోధించాడు. చివర్లో భగవానుడు లేచి, బాగా చెప్పావని మెచ్చుకున్నాడు.

ఈ కథని నేను చాలాసార్లు విన్నాను. ఆనందుడు ఏం బోధించాడన్నదే పట్టించుకున్నాను. అక్క వేలు పోయిన తర్వాతే మొదటి సగం నాకు వినపడింది. సొంత ఊరు. సొంత బంధువులు. కొత్త మందిరం. మహాసభ. అంతమంది ముందు లోకగురువు నడుము నొప్పి అని చెప్పాడు. దాచుకోలేదు. సిగ్గుపడలేదు. పళ్ళ బిగువున కూర్చుని మహిమ చూపించాలనుకోలేదు. తన పని ఇంకొకరికి అప్పగించి విశ్రాంతి తీసుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే, ఆ రాత్రి భగవానుడు సిక్ లీవ్ పెట్టాడు. ఆనందుడు ఆయన పనిని తన భుజాన వేసుకున్నాడు. సభలో ఒక్క శాక్యుడు కూడా "నిజంగానే నొప్పా?" అని అడగలేదు.

ఎనభయ్యో ఏట వేళువ గ్రామంలో జబ్బు పడినప్పుడు కూడా, తన శరీరం అతుకులు వేసి నడిపిస్తున్న పాత బండిలాంటిదని ఆయనే ఆనందుడితో చెప్పుకున్నాడు. బుద్ధుడు దేవుడు కాదు, మనిషి అని మనం గొప్పగా చెప్పుకుంటాం. మనిషి అంటే నడుము నొప్పి వచ్చేవాడు కూడా. ఆయనకే వచ్చినప్పుడు, ఎండలో వంగి పాదులు తీసే మనకి రావడంలో వింత ఏముంది?

మంచి రోగి, మంచి సేవకుడు

వినయ పిటకంలోని మహావగ్గంలో ఇంకో సంఘటన ఉంది. మీలో చాలామందికి తెలుసు. ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఎవరూ చూడటం లేదు. ఎందుకని అడిగితే, నేను వాళ్ళకి ఏ సాయం చేయలేదు కాబట్టి వాళ్ళు నన్ను చూడటం లేదన్నాడు. బుద్ధుడు నీళ్ళు పోస్తే, ఆనందుడు కడిగాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ళ వైపు పట్టుకుని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి చెప్పాడు: మీకు తల్లీ తండ్రీ ఇక్కడ లేరు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవారు రోగికి సేవ చేయండి అని.

అక్కడితో ఆగలేదు. రోగికి అయిదు లక్షణాలు, సేవ చేసేవారికి అయిదు లక్షణాలు చెప్పాడు. మంచి రోగి తనకి పడనిది చేయడు. పడేది కూడా మితంగా తీసుకుంటాడు. మందు వేసుకుంటాడు. జబ్బు పెరిగితే పెరిగిందని, తగ్గితే తగ్గిందని, అలాగే ఉంటే అలాగే ఉందని చూసుకునేవాళ్ళకి ఉన్నదున్నట్టు చెబుతాడు. నొప్పిని ఓర్చుకుంటాడు. మంచి సేవకుడు మందు సిద్ధం చేయగలవాడై ఉండాలి. ఏది పడుతుందో ఏది పడదో తెలిసి, పడేదే ఇవ్వాలి. ఏదో దొరుకుతుందనే ఆశతో కాక మైత్రితో చేయాలి. మలమూత్రాలకి, ఉమ్మికి, వాంతికి అసహ్యపడకూడదు. అప్పుడప్పుడు ధమ్మం మాట్లాడి మనసుకి ధైర్యం చెప్పాలి.

ఇందులో రోగి నాలుగో లక్షణం చూడండి. ఉన్నదున్నట్టు చెప్పడం. అక్క ఆ పని చేయలేకపోయింది. చేయలేకపోవడానికి కారణం మేము. వినేవాడు వెక్కిరిస్తాడని తెలిస్తే ఎవరు చెబుతారు? మంచి రోగులు కావాలంటే ముందు మంచి చెవులు కావాలి.

యజమాని బాధ్యత, మన బాధ్యత

దీఘ నికాయంలోని సిగాలోవాద సుత్తం మన గృహస్థులకి వినయం లాంటిది. తండ్రి చెప్పాడని పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకీ దండం పెడుతున్న సిగాలుడికి, దిక్కులంటే మనుషులని బుద్ధుడు నేర్పాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం స్నేహితులు. పైదిక్కు శ్రమణులు. కిందిదిక్కు పనివాళ్ళు.

పనివాళ్ళ పట్ల యజమానికి అయిదు బాధ్యతలు ఉన్నాయన్నాడు. వాళ్ళ బలానికి తగిన పనే చెప్పాలి. తిండి, జీతం ఇవ్వాలి. జబ్బు చేస్తే చూసుకోవాలి. మంచి పదార్థం ఉంటే పంచుకోవాలి. సమయానికి సెలవు ఇవ్వాలి. రెండున్నర వేల ఏళ్ళ నాటి మాట ఇది! జబ్బు సెలవు దయ కాదు, దానం కాదు, యజమాని బాధ్యత. బాబాసాహెబ్ తన "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో గృహస్థుల వినయం చెప్పేచోట యజమాని, పనివాడి సంగతికి ప్రత్యేకంగా చోటు ఇచ్చారు.

పనివాడికీ అయిదు చెప్పాడు. యజమాని కన్నా ముందు లేవడం, తర్వాత పడుకోవడం అనేవి ఆనాటి ఇంటి పనివాళ్ళ సంగతి. మిగతా మూడూ ఈనాటికీ మనవే. ఇచ్చిందే తీసుకోవాలి. పని బాగా చేయాలి. మంచిపేరు నిలపాలి. అంటే ఒంట్లో బాగుండగా బాగాలేదని చెప్పి సెలవు పెట్టకూడదు. ఈ మాట కూడా నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఒకడు దొంగ సెలవు పెడితే, రేపు నిజంగా జ్వరం వచ్చినవాడి మాట ఎవరూ నమ్మరు. వాడు దొంగిలించింది కాంట్రాక్టరు డబ్బు మాత్రమే కాదు, తోటివాడి మీద ఉండాల్సిన నమ్మకం.

కానీ మనవాళ్ళు అబద్ధపు సెలవు ఎందుకు పెడతారో కూడా చూడాలి. పెళ్ళికని అడిగితే ఇవ్వరు. బిడ్డ పరీక్షకని అడిగితే ఇవ్వరు. ఏప్రిల్ 14కి, డిసెంబరు 6కి అడిగితే నవ్వుతారు. జ్వరం అంటే తప్ప వదలరు కాబట్టి జ్వరం అంటారు. అందుకే జబ్బు పడితే చూసుకోవాలన్న మాటతో పాటు, సమయానికి సెలవు ఇవ్వాలన్న మాటను కూడా భగవానుడు విడిగా చెప్పాడు. రెండోది దొరికిన చోట మొదటిదాన్ని ఎవరూ పాడుచేయరు.

మనం ఎందుకు దాచుకుంటాం

జబ్బు దాచుకోవడం మనకి తాతల నాటి అలవాటు. ఈ డెల్టాలో పాలేరుతనం చేసినవాళ్ళ నోట మీరు కూడా వినే ఉంటారు. పాలేరు ఒకరోజు పడిపోతే ఇంట్లోంచి కొడుకో తమ్ముడో ఆ పనికి పోవాలి. లేదంటే గింజల్లో కోత. జ్వరం రావడం కూడా ఆసామి పట్ల చేసిన నేరమే. మన ఒళ్ళు మనది కాదు, పనిది అని తరతరాలుగా నూరిపోశారు. ఆ భయం ఇంకా మన ఎముకల్లో ఉంది. అందుకే గుడ్డపీలిక చుట్టుకుని పనికి వెళతాం. పక్కవాడు పడుకుంటే మనకే కోపం వస్తుంది. ఆసామి చూపుతో మనం మనవాణ్ణి చూస్తున్నాం. ధమ్మదీక్ష తీసుకున్నవాళ్ళం ఆ చూపును వదలొద్దా?

సునీతుణ్ణి గుర్తు చేసుకోండి. ఆయన వాడిపోయిన పూలు ఊడ్చి ఎత్తిపోసే పనివాడు. అందరికీ తల వంచి బతికేవాడు. రాజగృహంలో బుద్ధుడు ఎదురైతే పక్కకి తప్పుకోబోయాడు. భగవానుడు ఆయన్ని పిలిచి సంఘంలోకి తీసుకున్నాడు. ఆ కథని బాబాసాహెబ్ కూడా తన గ్రంథంలో రాశారు. వాడిన పూలు ఎత్తే మన చేతులకి సంఘంలో చోటు ఆనాడే దొరికింది. ఆ చేతుల వేళ్ళు కాపాడుకోవడం కూడా సంఘం పనే.

బాబాసాహెబ్ చట్టంగా మార్చిన మైత్రి

1928లో బొంబాయి శాసనమండలిలో పనిచేసే తల్లులకి ప్రసూతి సాయం ఇవ్వాలనే బిల్లును బాబాసాహెబ్ సమర్థించారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. ఆ కాలంలోనే, 1943లో, కార్మికుల ఆరోగ్య బీమా మీద పథకం తయారుచేసే పని ప్రొఫెసర్ అదార్కర్‌కి అప్పగించారు. 1944లో నివేదిక వచ్చింది. అది పునాదిగా 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, అంటే మన ఈఎస్ఐ చట్టం, తయారైంది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో, ఢిల్లీలో పథకం మొదలైంది.

ఇందులో మనకి ఏముందో తెలుసుకోండి. పథకం వర్తించే చోట జీతంలో మన వంతు 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం కడతారు. నెలకి 21,000 రూపాయల దాకా జీతం ఉన్నవాళ్ళు దీని కిందకి వస్తారు. ఆరు నెలల లెక్కలో కనీసం 78 రోజులకి చందా పడి ఉంటే, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ మీద, జబ్బు పడిన రోజులకి సగటు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా డబ్బు వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే ఆ లెక్క వేరు, 90 శాతం. జబ్బు సాయం పొందుతున్న కాలంలో పనిలోంచి తీసేయకూడదని 1948 నాటి చట్టంలోనే 73వ సెక్షన్ పెట్టారు. వేళ్ళు పైటకొంగులో దాచుకోకుండా ఉండటానికి పెట్టిన సెక్షన్ అది.

మా తొమ్మిది మందిలో ఎవరికీ అప్పట్లో ఈఎస్ఐ నంబరు తెలియదు. జీతంలో కోత పడుతోందా లేదా అని కూడా చూసుకోలేదు. బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేస్తాం. ఆ దండకి పూలు కోసేది కూడా మనమే. ఆయన మన కోసం రాయించిన హక్కుని మాత్రం చదవలేదు. షుగరుతో, కీళ్ళ నొప్పులతో బాధపడుతూనే ఆయన బుద్ధ గ్రంథం రాశారని మనకి తెలుసు. జబ్బు ఒంట్లో ఉండగా పనిచేయడం ఎంత కష్టమో తెలిసిన మనిషి ఆయన.

రేపటి నుంచి ఏం చేద్దాం

ఒకటి. టీ దగ్గర ఎవరైనా రాలేదంటే, మొదట రావాల్సిన మాట "ఎందుకు రాలేదు" కాదు, "ఎలా ఉంది" అని. తెలియకపోతే ఊహించి చెప్పొద్దు. సాయంత్రం ఒకరు ఇంటికి వెళ్ళి చూడండి.

రెండు. ఆ రోజు వాళ్ళ వరుస మొక్కలకి మిగతావాళ్ళం నీళ్ళు పెడదాం. ఆనందుడు చేసింది అదే. చేసి పెట్టామని తర్వాత ఎత్తిపొడవద్దు.

మూడు. మీ జీతం చీటీ అడగండి. ఈఎస్ఐ నంబరు ఉందో లేదో చూసుకోండి. చదవడం రాకపోతే చదువుకునే మన పిల్లల చేత చూపించుకోండి. లేకపోతే నలుగురూ కలిసి అడగండి. ఒక్కరే అడిగితే తీసేస్తారు, అందరూ అడిగితే వింటారు.

నాలుగు. షుగరు, బీపీ, ఆయాసం ఉంటే పక్కన పనిచేసే ఒక్కరికైనా చెప్పండి. ఏ ముల్లు గుచ్చుకున్నా సబ్బుతో కడిగి, టీటీ వేయించుకోండి. షుగరు ఉంటే చిన్న పుండుని కూడా ఆ రోజే డాక్టరుకి చూపించండి. కాళ్ళకి పుండ్లు ఉండగా మురుగు నీళ్ళలో దిగొద్దు, ఎలుక జ్వరం అలాగే వస్తుంది.

అయిదు. మందు కొట్టేటప్పుడు గాలికి ఎదురుగా కొట్టొద్దు. డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అన్నింటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడుక్కోండి. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆ డబ్బా చీటీ కూడా తీసుకెళ్ళండి. పాము కరిస్తే కోయొద్దు, పీల్చొద్దు, గట్టిగా కట్టొద్దు, మంత్రాల కోసం పరుగెత్తొద్దు. మనిషిని కదలనీయకుండా 108కి ఫోన్ చేయండి.

ఆరు. నెలకి తలా కొంచెం వేసి పనిచోట ఒక చిన్న నిధి పెట్టుకోండి. రెండు రోజులు పని పోయిన మనిషి ఇంట్లో పొయ్యి ఆగకుండా చూడటానికి అది చాలు. సంఘం అంటే అదే.

బంధువులారా, అక్క రెండు నెలల తర్వాత పనికి వచ్చింది. మేమందరం కలిసి అడిగితే కాంట్రాక్టరు తీసుకున్నాడు. ఆ రోజు కానుగ చెట్టు కింద అందరి ముందు నేను చెప్పాను, ఆ పెళ్ళి మాట అన్నది నేనేనని. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకప్పుడే తెలుసులే తమ్ముడూ" అంది. ఇంకేమీ అనలేదు. ఆ మాట నాకు తిట్టు కన్నా గట్టిగా తగిలింది. క్షమించిందో లేదో నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

ఇప్పుడు ఆవిడ నర్సరీ సంచుల దగ్గర కూర్చుని అంట్లకి నీళ్ళు పెడుతుంది. కత్తెర పట్టుకోలేదు. కాగితం పూల కంచె నేను కత్తిరిస్తున్నాను, చేతికి తొడుగు వేసుకుని. మొన్న ఒక పొద్దున్న నాకే నడుము పట్టేసింది. వెనకటి అలవాటు ప్రకారం ఏమీ లేదన్నట్టు నిలబడబోయాను. కపిలవస్తు గుర్తొచ్చింది. "నడుము నొప్పిగా ఉంది, కాసేపు పడుకుంటాను" అన్నాను. ఎవరూ నవ్వలేదు. కుర్రాడు నా చేతిలోంచి పార తీసుకున్నాడు. అక్క తన టవలు మడతపెట్టి చెట్టు కింద పరిచింది.

మీ పనిచోట కూడా అలాంటి చెట్టు ఒకటి ఉండాలని, దాని కింద ఉన్నదున్నట్టు చెప్పుకునే ధైర్యం, నమ్మి వినే మైత్రి మీకు కలగాలని కోరుకుంటున్నాను.

నమో బుద్ధాయ! జై భీమ్!